పెళ్ళి క్యాసెట్ల చివర మిగిలింది

ఆ వానాకాలం మా బావ స్టూడియో వెనకగదిలో ముందు గోడ చెమర్చింది, తర్వాత అట్టపెట్టెలు మెత్తబడ్డాయి, ఆఖరికి క్యాసెట్లకి బూజు పట్టింది.

బావ ఫోన్ చేసి, “మరదలా, నువ్వొకసారి రావాలి. క్యాసెట్లు పాడైపోతున్నాయి, బూజు” అన్నాడు.

“బూజు దులపడానికి నేనెందుకు బావా? మీ ఊళ్ళో చీపుళ్ళు దొరకడం లేదా?” అన్నాను.

మామూలుగా అయితే నేనొకటంటే తను రెండు అంటించేవాడు. ఆ రోజు మాత్రం “మీ అక్క ఉంది వాటిల్లో” అన్నాడు.

నేను డిగ్రీ చదివి గేదెల్ని మేపుకునే మనిషిని. ఆ చదువంతా ఏమైందని అడిగేవాళ్ళకి, గేదెలకి పాఠాలు చెబుతున్నాను, పాసైనవే పాలిస్తున్నాయి అని చెబుతుంటాను. వాటిని మా ఆయనకి అప్పజెప్పి, ఏది ఏ కాలితో తంతుందో వివరంగా చెప్పి, బస్సెక్కాను.

అక్కకి పుట్టుకతోనే వినపడదు. అందుకని మాటా రాలేదు. మా చిన్నప్పుడు అలాంటి పిల్లలకి దగ్గర్లో బడి లేదు. మా ఇంట్లో మేమే ఒక భాష అల్లుకున్నాం. మీసం మెలేస్తే నాన్న. కొంగు బొడ్లో దోపితే అమ్మ. ముక్కు పట్టుకుని పిండితే నేను. చిన్నతనంలో ఏడాది పొడుగునా నా ముక్కు కారుతూ ఉండేదట, అదే పేరైపోయింది. పెళ్ళీడొచ్చాక పేరు మార్చమని అక్కని బతిమాలాను. ఇంకాస్త గట్టిగా పిండి చూపించింది. మేమిద్దరం వేళ్ళతో కబుర్లలో పడితే అమ్మకి కూడా అందేది కాదు. “కోళ్ళు గింజలేరుకున్నట్టు ఏంటే ఆ వేళ్ళు!” అని విసుక్కునేది.

ఇప్పుడు అమ్మా లేదు, నాన్నా లేడు. అక్క పోయి చాలా ఏళ్ళయింది. ఆ భాష వచ్చినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. ఎవరితో మాట్లాడను?

బావ పెళ్ళిళ్ళకి వీడియోలు తీసేవాడు. మా పక్కింటి పెళ్ళికి కెమెరా భుజాన వేసుకుని వచ్చి, పెళ్ళికూతుర్ని వదిలేసి అక్క చేతుల్నే తీశాడని ఆ ఇంటివాళ్ళు గొడవ చేశారు. అలా వచ్చింది ఆ సంబంధం. మా భాష బావకి పెళ్ళయ్యాక వచ్చింది. వచ్చిందంటే, కొత్తల్లుడు అత్తారింట్లో కుర్చీ అంచున కూర్చున్నట్టు, అంతవరకే. బావతో చెప్పేటప్పుడు అక్క చిన్నపిల్లలకి అన్నం కలిపి పెట్టినట్టు ఒక్కో సైగా ఆపి ఆపి చేసేది. నా వైపు తిరిగితే వాన.

వాళ్ళకి ఒక్కతే కూతురు. పిట్టంత తింటుందని పిట్ట అని పిలుస్తాం. పిట్ట అడుగులు వేస్తున్న రోజుల్లో అక్క మంచం పట్టింది. పిట్ట పరుగులు పెట్టేనాటికి అక్క లేదు.

* * *

నేను వెళ్ళేసరికి స్టూడియో ముందుగదిలో బల్ల మీద పాత వీసీఆర్, పక్కన పిట్ట లాప్‌టాప్, రెండిటి మధ్యా బొటనవేలంత పరికరం ఒకటి, తీగలు. పిట్ట కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది. సెలవు పెట్టి వచ్చింది. చెప్పుల దుకాణాలన్నీ తిరిగి పెట్టెల్లో వేసే తేమ పీల్చే పొట్లాలు ఏరుకొచ్చి, క్యాసెట్లతో పాటు మూతడబ్బాల్లో పెట్టింది.

“వానలు ఆగాక ఈ బిల్డింగ్ పడగొట్టేస్తారు పిన్నీ. ఈలోగా మొత్తం కంప్యూటర్లోకి ఎక్కించెయ్యాలి” అంది.

“మొత్తమా? ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళన్నీనా?”

“వాళ్ళ పెళ్ళి నా దగ్గరుంది. నేనెట్లా పారేస్తాను?” అన్నాడు బావ.

“సగంమంది వాళ్ళే పారేసి ఉంటారు బావా.”

“పారేస్తే వాళ్ళిష్టం. నా చేత్తో నేను పారెయ్యను.”

పెళ్ళి అయిపోయాక క్యాసెట్ చివర కాస్త టేపు మిగిలేది. ఆ మిగిలినదాంట్లో బావ ఇంట్లో అక్కని తీసేవాడు. అక్క కోసం కొత్త క్యాసెట్ ఎప్పుడూ కొనలేదు. రేపు కొందాం, ఎల్లుండి కొందాం అనుకునేవాళ్ళే అందరూ. అలా అక్క అంతా ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళ చివర ఉండిపోయింది.

పిట్ట టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాక బావ అసలు సంగతి చెప్పాడు.

“మంచంలో ఉన్నప్పుడు ఒకరోజు నన్ను పిలిచింది. కెమెరా స్టాండు మీద పెట్టమంది. పెట్టాను. నువ్వు బయటికి పో అంది. పోయాను. అయ్యాక లోపలికి రమ్మని మంచం కోడు మీద కొట్టింది. నాకొకటే మాట చెప్పింది, నిదానంగా. పిల్ల పెద్దయ్యాక దానికి ఇది చూపించు అని.”

“చూశావా నువ్వు?”

“లేదు.”

“ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా?”

“ఒకసారి వీసీఆర్లో పెట్టాను. బటన్ నొక్కలేకపోయాను. కళ్ళెదురుగా ఉంటే మళ్ళీ పెడతానని అన్నిట్లో కలిపేశాను. ఇప్పుడు ఏదో తెలీదు. తను మంచం పట్టిన చలికాలం పెళ్ళిళ్ళలోదే అయ్యుంటుంది, అందులో ఏదో ఒకదాని చివర.”

టీ గ్లాసులతో పిట్ట గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపయిందో తెలీదు.

“నాకు ముందే చెప్పాడు నాన్న” అంది. “అందుకే నిన్ను పిలిపించాను. అమ్మ ఏం చెప్పినా నాకు అర్థం కాదుగా.”

ఆ పిల్ల వంక చూశాను. అక్క గడ్డం, అక్క కనుబొమలు. చేతులు మాత్రం వాళ్ళ నాన్నవి, బండ చేతులు.

“నీ పేరేంటో తెలుసా నీకు?” అన్నాను.

“పిట్ట. ఇంకా అసలు పేరు...”

“అవి మేం పెట్టినవి. మీ అమ్మ పెట్టింది వేరు.” నా ఎడమచేతి చిటికెనవేలిని కుడిచేతి గుప్పిట్లో పట్టుకుని రెండుసార్లు ఊపాను. “ఇదీ నువ్వు. పుట్టిన రోజున మీ అమ్మ చిటికెనవేలు పట్టుకుని వదల్లేదు. నర్సు వచ్చి విడదీసింది.”

పిట్ట గ్లాసులు కింద పెట్టింది. తన వేలు తను పట్టుకుని ఊపి చూసుకుంది. సరిగ్గా రాలేదు. మళ్ళీ చేసింది.

* * *

బూజు పట్టిన టేపు ఒక్కసారి ఆడితే గొప్ప, రెండోసారి ఆడుతుందన్న నమ్మకం లేదని పిట్ట చెప్పింది. అందుకని ఆడిన ఆ ఒక్కసారే పట్టేసుకోవాలి. తీరిగ్గా చూసుకోవడం తర్వాత.

“ఎట్లా పట్టాలన్నదే గొడవ పిన్నీ. పెద్ద ఫార్మాట్లో పడితే టేపు మీద ఉన్నదున్నట్టు వస్తుంది. కానీ డిస్క్‌లో చోటంతా మింగేస్తుంది. చిన్న ఫార్మాట్ అయితే డిస్క్‌లో అన్నీ పట్టేస్తాయి, ఫోన్లో కూడా చూసుకోవచ్చు.”

“మరి చిన్నదాంట్లో ఏం పోతుంది?”

“అది లెక్క చూసుకుని రాస్తుంది. మొదటి బొమ్మ పూర్తిగా రాసుకుంటుంది. తర్వాత బొమ్మలో మారింది మాత్రమే రాస్తుంది. గోడ కదల్లేదు, మళ్ళీ గోడ రాయదు. బాగా కదిలినవాటిని మాత్రం ఉజ్జాయింపుగా రాసేస్తుంది.”

“అంటే కదలకుండా కూర్చున్నవాళ్ళకే మర్యాద అన్నమాట.”

“అంతే” అని నవ్వింది. “మీ ఊరి పెద్దమనుషుల్లాగా.”

పెద్ద ఫార్మాట్‌తోనే మొదలుపెట్టాం. చలికాలం పెళ్ళిళ్ళు ముందు. బావ వరసగా అందించడం, నేను మెత్తటిగుడ్డతో పైబూజు తుడవడం, పిట్ట ఎక్కించడం. బయట వాన, లోపల ఎవరిదో పెళ్ళిలో చప్పట్లు. ఎవరెవరివో మెడలు, నగలు, భోజనాల బంతిలో కెమెరా రాగానే నమలడం ఆపి బిగుసుకుపోయే మొహాలు. బావ ఒక్కొక్కళ్ళనీ చూపించి, వీడు పెళ్ళిలోనే అలిగాడు, ఈవిడ నా కెమెరాకి అడ్డంపడి అరగంట నిలబడింది అని చెబుతుంటే నవ్వుకునేవాళ్ళం.

అలా ఒక పెళ్ళి అయిపోయి, నల్లటి తెర వచ్చి, గీతలు గీతలుగా ఊగి, ఒక్కసారిగా మా అక్క వచ్చింది.

పెరట్లో తల ఆరబెట్టుకుంటోంది. కెమెరాని చూసి చెయ్యెత్తింది, కొడతానన్నట్టు. తర్వాత వేళ్ళు మొదలయ్యాయి.

పిట్ట తెరకి అంత దగ్గరగా వంగితే ఆ వెలుగు దాని బుగ్గల మీద పడింది.

“ఏమంటోంది?” అంది మెల్లగా.

“పొద్దున్నించి ఒక్క బిందె నీళ్ళు తోడమంటే వినలేదు గానీ కెమెరా మాత్రం ఎత్తగలడు. రాత్రికి ఆ కెమెరానే ఉడకేసి పెడతాను, ఉప్పుకారం తనే చూసుకోమను... అంటోంది.”

పిట్ట పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. “అమ్మ ఇట్లా తిట్టేదా?”

బావ తెల్లబోయాడు. “నీళ్ళు తోడమందా? ఏదో ముద్దుగా అంటోందనుకుని నేను నవ్వుతూ తీస్తూనే ఉన్నానే!”

“అందుకే ఆఖర్న చేతులు దులిపేసింది చూడు.”

కంప్యూటర్లో పడినదాన్ని పిట్ట మళ్ళీ వెనక్కి తిప్పి చూసింది. అక్క చేతులు కదిలిన చోటల్లా అంచులు దువ్వెన పళ్ళలా చీలి కనపడుతున్నాయి. పాత కెమెరా ఒక్కో బొమ్మనీ రెండు సగాలుగా తీస్తుందట, ఒక గీత ఇప్పుడు, పక్క గీత రెప్పపాటు తర్వాత. చెయ్యి వేగంగా కదిలితే రెండు సగాలూ అతకవు. “ఈ దువ్వెనని తీసేసి నున్నగా చెయ్యొచ్చు పిన్నీ. ప్రోగ్రాంలో ఒక గడి ఉంది, టిక్ పెడితే చాలు.”

“వద్దే. ఉండనీ” అన్నాను. “ఆ పళ్ళ సందున వేళ్ళు ఎక్కడినించి ఎక్కడికి వెళ్ళాయో తెలుస్తోంది నాకు.”

అప్పుడు అది పెద్ద మాటగా అనిపించలేదు.

ఆ రోజుల్లో అక్కని చాలాసార్లు చూశాం. ఒకచోట పిట్టకి నీళ్ళు పోస్తోంది. ఒకచోట నా మీద చాడీలు చెబుతోంది, ముక్కు పిండి మరీ. నేను మాట్లాడుతుంటే పిట్ట నా మొహం చూడటం మానేసి అక్క వేళ్ళే చూసేది. అన్నం, నిద్ర, చాలు, నోర్ముయ్ అన్నవి నేర్చేసుకుంది. బావ పిలిస్తే ‘నోర్ముయ్’ అని వేళ్ళతో చూపించేది. బావ మురిసిపోయేవాడు, అదేంటో తెలీక.

కానీ మేం వెతుకుతున్నది దొరకలేదు.

చలికాలం క్యాసెట్లు అయిపోయాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాంట్లో టేపు పొరలు పొరలుగా అంటుకుపోయి ముద్దయింది. పాత టీవీలు బాగుచేసే ముసలాయన ఒకడున్నాడు, వీసీఆర్ అరువిచ్చిందీ ఆయనే. చూసి, “విప్పి వేరే డబ్బాలోకి మార్చాలి. బతికితే మీ అదృష్టం, చస్తే నన్ననొద్దు” అని పట్టుకెళ్ళాడు.

“అందులోనే ఉంది” అన్నాడు బావ. “ఇంకెక్కడ ఉంటుంది?”

ఆ మాట మాకూ నిజమే అనిపించింది. మా ముగ్గురి ప్రాణం ఆ ముద్దకట్టిన క్యాసెట్‌లో ఉంది. మిగిలినవి అంతకు ముందు ఏడాది పెళ్ళిళ్ళు. సరిగ్గా అప్పుడే డిస్క్ నిండిపోయింది. కొత్తది తెప్పిస్తే దారిలో వాగు పొంగి రోడ్డు తెగిందట, ఎప్పుడొస్తుందో తెలీదన్నారు. వెనకగది గోడ పెచ్చులూడి పడుతోంది. రోజూ ఒకటో రెండో క్యాసెట్లకి కొత్తగా తెల్లమచ్చలు.

“పాతవి చిన్న ఫార్మాట్లో లాగించేస్తాను. ఎటూ ఊళ్ళోవాళ్ళవేగా. ఫోన్లో చూసుకునేలా ఇస్తే వాళ్ళకీ సుఖం” అంది పిట్ట.

“కానీ. గోడ కూలేదాకా కూర్చుంటామా?” అన్నాడు బావ.

“నున్నగా కూడా చేసిపెట్టు. పెళ్ళికొడుకులన్నా అందంగా వస్తారు” అన్నాను నేను.

* * *

మా ఆయన ఫోన్ చేశాడు, చూడిగేదె ఈనేలా ఉందని. ఇంటికి వెళ్ళాను. దూడ అడ్డం తిరిగింది. దాన్ని బతికించి, తల్లిని లేపి నిలబెట్టి, తిరిగి వచ్చేసరికి వాన కాస్త తెరిపిచ్చింది. కొత్త డిస్క్ కూడా వచ్చింది. పిట్ట దాన్ని ఇంకా విప్పలేదు. ముసలాయన తెచ్చే క్యాసెట్ కోసం దాచిపెట్టింది.

ముసలాయన తెచ్చాడు. టేపు బతికింది. పెద్ద ఫార్మాట్లో, దువ్వెన పళ్ళు ఉన్నవి ఉన్నట్టుగా, ఊపిరి బిగబట్టి ఎక్కించాం. పెళ్ళి వచ్చింది. అప్పగింతల్లో ఎవరో ఏడ్చారు. ఆ తర్వాత నల్లటి తెర. ఆ నలుపు చివరిదాకా నలుపే.

బావ లేచి వెనకగదిలోకి వెళ్ళిపోయాడు.

“ఎప్పుడో ఎవరి పెళ్ళికో తుడిచేసి ఉంటాడు నాన్న” అంది పిట్ట, నాకు మాత్రమే వినపడేలా. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

చేతులు ఊరికే ఉంచలేక, నేను లేనప్పుడు ఎక్కించిన పాత పెళ్ళిళ్ళ ఫైళ్ళు ఒక్కొక్కటీ తెరిచి చివరలు చూడసాగింది. చాలావాటి చివర ఏమీ లేదు. ఒకదాంట్లో బావ బూట్లు. ఇంకొకటి తెరిచింది. అందులో మంచం ఉంది.

మంచం మీద దిండుకి ఆనుకుని అక్క.

“నాన్నా” అని కేకేసింది పిట్ట. బావ పరుగున వచ్చి, మా వెనక నిలబడి, తెర చూసి, “ఆ రోజు ఇంట్లో ఖాళీ క్యాసెట్ లేదు. చేతికందింది పెట్టేశాను” అన్నాడు. మాకు చెబుతున్నట్టు లేదు.

తెరలో తలుపు మూసిన నీడ గోడ మీద కదిలింది. బావ బయటికి వెళ్ళాడన్నమాట. అక్క తలుపు వంక చూసి, వెళ్ళాడని రూఢి చేసుకుని, కెమెరా వైపు తిరిగింది. చిక్కిపోయింది. కళ్ళు మాత్రం మా అక్క కళ్ళే. నిదానంగా చెయ్యెత్తి తన ముక్కు పట్టుకుని పిండింది.

పిట్టని కాదు పిలిచింది, నన్ను. బావకి ఆ సంగతి తెలీదు. తెలిసే వీలు లేదు, తను తలుపు అవతల ఉన్నాడు.

ముక్కు వదిలి, చిటికెనవేలు గుప్పిట్లో పట్టుకుని ఊపింది. అరచెయ్యి నా వైపునించి పక్కకి తిప్పింది. *దీనికి నువ్వు చెప్పాలి.* అంతవరకు ఆపి ఆపి చేసింది, ఎవరికి ఎవరు చెప్పాలో తప్పు పోకూడదన్నట్టు.

తర్వాత నాతో మాట్లాడటం మొదలుపెట్టింది. నాతో ఎలా మాట్లాడుతుందో అలా.

చేతులు కరిగిపోయాయి.

వేరే మాట దొరకడం లేదు. మోచేతులు ఉన్నాయి, భుజాలు ఉన్నాయి, మొహం ఉంది. మణికట్టు దగ్గరనించి మాత్రం గోధుమరంగు చదరాలు, ఒకదాన్లో ఒకటి కలిసి, నున్నగా, పిండి ముద్దల్లాగా. వేళ్ళు లేవు. దువ్వెన పళ్ళు లేవు. వెనక గోడ మీద సున్నం పగుళ్ళు కూడా తేటగా కనపడుతున్నాయి. ఆ పగుళ్ళ ముందు మా అక్క చేతుల నిండా పొగమంచు పెట్టుకుని ఆగకుండా మాట్లాడుతోంది.

“పిన్నీ?” అంది పిట్ట.

“ఉండు.”

“ఏమంటోంది పిన్నీ?”

“ఉండవే.”

అది నా మొహం చూసింది. తెర చూసింది. ఆపి, వెనక్కి తిప్పి, ఒక్కో బొమ్మా జరిపింది. ఏ బొమ్మలోనూ వేళ్ళు లేవు. అప్పుడు దానికి తట్టింది. మౌస్ మీంచి చెయ్యి తీసేసి ఒళ్ళో పెట్టుకుంది.

“నేనే కదా...” అంది.

“ముగ్గురం అనుకుని చేశాం. నున్నగా చెయ్యమన్నది నేను” అన్నాను.

క్యాసెట్ వెతికి పట్టుకుని మళ్ళీ వీసీఆర్లో పెట్టాం, ఈసారి పెద్ద ఫార్మాట్‌తో. తెర నిండా చుక్కలు. ముసలాయన్ని పిలిపిస్తే, మూత విప్పి, దూదిని స్పిరిట్‌లో ముంచి లోపల తుడిచాడు. దూదికి గోధుమరంగు పొడి అంటింది.

“టేపు మీద పూత రాలిపోయిందమ్మా. మొదటిసారి ఆడినప్పుడే రాలినట్టుంది. బొమ్మంతా ఆ పూతలోనే ఉంటుంది” అన్నాడు. మళ్ళీ తుడిచాడు. మళ్ళీ చుక్కలే. ఆయన దూది పారేయబోతుంటే బావ చెయ్యి చాపి తీసుకున్నాడు. కాగితంలో మడిచి జేబులో పెట్టుకున్నాడు.

* * *

మర్నాడు బావ నన్ను వసారాలోకి పిలిచాడు. వాన మళ్ళీ పట్టుకుంది. చూరునీళ్ళ చప్పుడులో లోపలున్నవాళ్ళకి మా మాట వినపడదు.

“మరదలా, నువ్వు ఏదో ఒకటి చెప్పెయ్. బాగా చదువుకో అంది, నాన్నని చూసుకో అంది... ఏ తల్లయినా అనేవేగా. దానికేం తెలుసు? నిన్నటినించి గుక్కెడు నీళ్ళు తాగలేదది.”

నేను ఆలోచించలేదంటే అబద్ధం. అక్క ఏమంటుందో నాకు తెలీకపోవడమేంటి? నాలుగు మాటలు నేనే అల్లగలను, అచ్చం అక్కలాగే, తిట్లతో సహా.

“అక్క చేతుల్లో నేను మాట పెట్టలేను బావా” అన్నాను.

“పోనీ నా కోసం.”

“నీ కోసమైతే అసలే పెట్టను. నీకు అబద్ధం చెబితే అక్క నా ముక్కు కోస్తుంది.”

బావ నవ్వబోయాడు, రాలేదు. చూరుకింద చెయ్యి చాపి నీళ్ళు పట్టి వదిలేశాడు. “ఊళ్ళోవాళ్ళ చేతులన్నీ ఉన్నాయే” అన్నాడు. “భోజనాలు చేసేవాళ్ళ వేళ్ళు, ఉంగరాలతో సహా. పొద్దున చూశాను.”

లోపల పిట్ట అద్దం ముందు నిలబడి ఉంది. లాప్‌టాప్ పక్కనే పెట్టుకుని, అక్క మోచేతులు ఎటు కదిలితే తన మోచేతులు అటు కదుపుతోంది. మోచెయ్యి ఇక్కడ ఉంటే వేళ్ళు ఏమని ఉంటాయో చూద్దామని. నన్ను చూసి పక్కకి జరిగి చోటిచ్చింది. నేనూ నిలబడి ప్రయత్నించాను. మోచెయ్యి పైకి లేచి, పక్కకి తిరిగి, గుండె దగ్గరికి వస్తుంది. అక్కడ ‘ఆకలి’ అనొచ్చు. ‘భయం’ అనొచ్చు. ‘నాది’ అనొచ్చు. మూడిటికీ మోచెయ్యి ఒకటే. తేడా అంతా వేళ్ళలోనే.

చేతులు దించేశాను.

“తెలిసినంతే చెప్పు పిన్నీ” అంది అద్దంలోంచి. “కల్పించకు.”

కూర్చోబెట్టి చెప్పాను. ముందు నన్ను పిలిచింది, దీనికి నువ్వు చెప్పు అంది. ఆ తర్వాత నాకు అందలేదు. కానీ మధ్యమధ్యలో చేతులు రెండూ దగ్గరికి వచ్చి ఆగుతున్నాయి చూడు, ఇక్కడ, మళ్ళీ ఇక్కడ. ఆగినప్పుడు కాస్త తేటపడుతోంది. అది గుప్పిట్లో చిటికెనవేలు. నీ పేరు. నీ పేరు చెప్పి ఏదో అంటోంది, మళ్ళీ నీ పేరు, మళ్ళీ ఏదో. నేను చదవగలిగింది నీ పేరొక్కటే.

“నవ్విందా మధ్యలో?”

“ఒకసారి నవ్వింది. ఎందుకో తెలీదు. నన్ను తిట్టి ఉంటుంది.”

పిట్ట తల ఊపింది. తర్వాత ఫైలుని చివరిదాకా పోనిచ్చింది. మేం అంతదాకా ఎప్పుడూ చూడలేదు. చేతులు కరిగిన దగ్గరే ఆపి వెనక్కి తిప్పుకుంటూ ఉన్నాం.

చివర్లో అక్క మాట్లాడటం అయిపోయింది. వాలి మంచం కోడు మీద కొట్టింది. తర్వాత దిండుకి జారబడి చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. తెర ఒక్క క్షణం మసకబారి, కుదురుకుంది. చేతులు కదలడం ఆగిపోయింది కదా, వేళ్ళు ఒక్కొక్కటీ వచ్చాయి. పదీ వచ్చాయి. చూపుడువేలి మీద కొడవలి తెగిన మచ్చ, చిన్నప్పుడు నా వల్ల అయినది. ఎడమచేతి చిటికెనవేలి గోరు విరిగి ఉంది. చీర అంచు మీద పోగులు కూడా లెక్కపెట్టొచ్చు. అంత తేటగా ఉంది.

వెనకనించి బావ వచ్చి నిలబడ్డాడు.

పిట్ట ఆ బొమ్మ మీద ఆపింది. తన చిటికెనవేలు తెర మీద ఆ వేలి పక్కన పెట్టింది.

“ఇక్కడేమంటోంది పిన్నీ?”

“ఏమీ అనట్లేదే” అన్నాను. “చెప్పడం అయిపోయింది. మీ నాన్న తలుపు తీస్తాడని చూస్తోంది.”